దేనికీ పనికిరాని గంట

నిన్న పొద్దున వంటింట్లో కుళాయి తిప్పగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. వానలు మొదలైతే తార్నాకలో కొన్నాళ్ల పాటు నీళ్లకి ఈ వాసన తప్పదు. మా అమ్మాయి మేఘన ముక్కు మూసుకుని బయటికి పోయింది. మా ఆయన శ్రీధర్ ఫిల్టర్ మార్చే మనిషికి ఫోన్ చేయాలేమో అన్నాడు. నేను మాత్రం గిన్నె నిండి పొర్లుతున్నా కుళాయి కట్టకుండా కాసేపు అలాగే నిలబడ్డాను. ఆ వాసన తగిలితే నాకు యూనివర్సిటీ ఈతకొలను గుర్తొస్తుంది. దాని గట్టు మీద నడుము మీద చేతులు పెట్టుకుని, తల తుడుచుకోవడం కూడా మర్చిపోయి, ఎవరినో కేకలేస్తూ నిలబడ్డ కౌసల్య మేడమ్ గుర్తొస్తారు. ఆమె పోయి కొన్నేళ్లయింది. పేరు తెచ్చుకున్న మనిషి కాదు. ప్రభుత్వ పాఠశాలలో ఆటల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. మా అపార్ట్‌మెంటులోనే మొదటి అంతస్తులో ఒక్కరే ఉండేవారు. మా సొంతవాళ్లు కాదు, నాకు బళ్లో చదువు చెప్పినవారూ కాదు. అయినా ఈ రోజు నేను బతుకుతున్న తీరులో చాలా భాగం ఆమె చేతిదే.

మాది తెనాలి. శ్రీధర్ వాళ్లది ఒంగోలు. ఉద్యోగాల కోసం హైదరాబాదు వచ్చి, పెళ్లయిన కొన్నేళ్లకి తార్నాకలో ఈ ఫ్లాటు కొనుక్కున్నాం. అప్పుడు ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ నేను వంటింటి సొరుగులు లాగి చూపించేదాన్ని. చప్పుడు లేకుండా వాటంతట అవే మూసుకునేవి. ప్రతి గదికీ ఏసీ, హాల్లో గోడంత టీవీ, బాల్కనీలో ఊయల. ఆ ఊయలలో నేను ఎన్నిసార్లు కూర్చున్నానో గుర్తు చేసుకోబోతే ఒక్కసారీ గుర్తుకు రాదు. బీమా కంపెనీలో ఉద్యోగం. పొద్దున్నే బస్సెక్కి హైటెక్ సిటీ వెళ్లడం, చీకటి పడ్డాక రావడం. అప్పుడు మేఘన చంటిపిల్ల, పగలంతా మా అత్తగారి దగ్గర ఉండేది. నిద్ర సరిగ్గా పట్టేది కాదు. ఉన్నట్టుండి ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఊపిరి అందేది కాదు. గుండె డాక్టరు పరీక్షలన్నీ చేయించి, కాగితాలు చూసి, “మీకు ఏ జబ్బూ లేదమ్మా” అన్నాడు. జబ్బు లేదంటే సంతోషించాలి. నాకు మాత్రం, అయితే ఇది ఏమిటి మరి, అని ఇంకా భయం పట్టుకుంది.

ఒక ఆదివారం లిఫ్టు పనిచేయలేదు. కూరల సంచీతో మెట్లెక్కుతూ సగంలోనే ఊపిరాడక మెట్టు మీద కూర్చుండిపోయాను. కింది నుంచి ఒకామె ఎక్కి వచ్చారు. అరవై దాటిన వయసు, పొట్టిగా కత్తిరించిన తడి జుట్టు, భుజం మీద తువ్వాలు. డాబా మీద తువ్వాలు ఆరేయడానికి వెళ్తున్నారట. నన్ను చూసి ఆగారు.

“ఏందమ్మా, ఊపిరాడ్తలేదా?”

“ఫరవాలేదండీ. అప్పుడప్పుడు ఇలా వస్తుంది. డాక్టరుకి చూపించాను, ఏమీ లేదన్నారు.”

ఆమె సంచీ పక్కకి జరిపి నా పక్కనే కూర్చున్నారు. ధైర్యం చెప్పలేదు. ఎక్కడ పనిచేస్తావు, ఎన్నింటికి పోతావు, ఎన్నింటికి వస్తావు అని వరసగా అడిగారు. నేను చెప్పినవన్నీ విని, “ఈత వస్తదా?” అన్నారు.

“రాదండీ.”

“అయితే రేపు పొద్దుగాల ఆరింటికి కిందికి రా.”

“ఈత రాదంటే రమ్మంటారేంటండీ?”

“వస్తే నాతోని నీకేం పని?” అని లేచి, నా సంచీ కూడా తీసుకుని ముందు నడిచారు.

అమ్మకి ఫోన్లో చెబితే, “ఈ వయసులో ఈతేంటే? కాళ్లూ చేతులూ ఊరుకోవట్లేదా?” అంది. శ్రీధర్ మాత్రం వెళ్లి చూడమన్నాడు. నాలుగు రోజులు పోయి మానేస్తానని అతని నమ్మకం. నిజం చెప్పాలంటే నా నమ్మకమూ అదే.

తార్నాక నుంచి యూనివర్సిటీ లోపలికి నడిచి వెళ్లేవాళ్లం. బయట బస్సులూ ఆటోలూ అప్పుడే మొదలయ్యేవి. గేటు దాటి కాస్త దూరం పోతే ఆ చప్పుడు వెనకపడేది. వేపచెట్ల కింద పోటీ పరీక్షలకి చదివే పిల్లలు దుప్పట్లు కప్పుకుని, పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేవాళ్లు. ఎక్కడో నెమలి అరిచేది. మేడమ్ ప్రతి పిల్లాడినీ పలకరించేవారు. “తిన్నవా?” అని ఒకణ్ణి, “మీ అమ్మకు జ్వరం తగ్గిందా?” అని ఇంకొకణ్ణి. వాళ్లెవరో మీకు ఎలా తెలుసని అడిగితే, “రోజూ కనవడ్తరు, మాట్లాడకుంట ఎట్ల పోత?” అన్నారు. నేను ఈ అపార్ట్‌మెంటులో ఉంటూ ఎదురింటివాళ్ల పేర్లు తెలుసుకోలేదని అప్పుడు తోచింది.

ఆమెది జనగామ దగ్గర ఒక పల్లె. వ్యవసాయం చేసుకునే కుటుంబం. అన్నదమ్ములతో కలిసి చేను దగ్గర బావిలో దూకి ఈత నేర్చుకున్నారట. వీపుకి ఖాళీ డబ్బా కట్టి వాళ్ల నాయన బావిలోకి తోశాడని చెప్పి నవ్వేవారు. ఆమె భర్త ఆర్టీసీలో కండక్టరు. పెళ్లయిన కొద్ది కాలానికే ఏదో జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. మళ్లీ పెళ్లి చేసుకోమని ఇంట్లో అందరూ చెప్పారట. ఎందుకు చేసుకోలేదని నేను ఒకసారి అడిగాను. “ఆయన లెక్క నవ్వించేటోడు దొరకలే” అన్నారు. అంతకు మించి ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు.

మొదటి రోజుల్లో నేను ఈతకొలను అంచు వదల్లేదు. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, గడ్డం దాకా నీళ్లలో నిలబడి వణికేదాన్ని. పొద్దున మహిళల బ్యాచ్ ఉండేది. అందులో కాలేజీ పిల్లల దగ్గర నుంచి మనవలున్న వాళ్ల దాకా ఉండేవాళ్లు. వాళ్లంతా నన్ను దాటుకుంటూ పోయేవాళ్లు. నా చేతికి గడియారం ఉండేది. ఎన్ని నిమిషాలు నీళ్లలో ఉన్నానో, ఒంట్లో ఎంత కరిగిందో చూపించేది. నేను దాన్ని మాటిమాటికీ చూసుకోవడం మేడమ్ రెండు మూడు రోజులు గమనించి, ఒక రోజు చెయ్యి చాపారు.

“అది గట్టు మీద పెట్టు.”

“ఇది నీళ్లలో పాడవదండీ.”

“అది పాడు కాదు. నువ్వు పాడయితున్నవ్.”

గడియారం తీసి ఇచ్చాను. “ఎన్నాళ్లలో వస్తుందండీ ఈత?” అని అడిగాను. అప్పటికి ఆ ప్రశ్న చాలాసార్లు అడిగి ఉంటాను. ఆమెకు విసుగొచ్చింది. ఆమెకు విసుగు త్వరగానే వచ్చేది. ఆలస్యంగా వచ్చినవాళ్లని, గట్టు మీద కబుర్లు చెప్పేవాళ్లని మొహం మీదే కసిరేవారు. “ఏం, నీకు ఈతల నౌకరీ ఉన్నదా? వచ్చినప్పుడే వస్తది. నీళ్లతోని కొట్లాడకు, పండుకో” అన్నారు.

వెల్లకిలా తేలడం నేర్పారు ముందు. ఆమె అరచెయ్యి నా వీపు కింద ఉంటుందన్న ధైర్యంతో తల వెనక్కి వాల్చాను. చెవులు నీళ్లలో మునిగాయి. అంతవరకూ వినిపిస్తున్న కేకలూ, కాళ్ల టపటపలూ, పైన పైపులోంచి నీళ్లు పడే చప్పుడూ ఒక్కసారిగా దూరమైపోయాయి. నా ఊపిరి నాకు వినిపించింది. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. అది కూడా విశేషమైన ఆకాశమేం కాదు, మబ్బు పట్టి తెల్లగా ఉంది. నాకు ఏడుపు వచ్చింది. ఎందుకో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ సరిగ్గా చెప్పలేను. దుఃఖం అయితే కాదు. ఎప్పటి నుంచో బిగబట్టి ఉన్న దేన్నో వదిలినట్టుంది. లేచి నిలబడ్డాక మేడమ్ నా మొహం చూశారు. ఏమైందని అడగలేదు.

“ముక్కు కడుక్కో. ఇంకోసారి పండుకో.”

నేను గొప్ప ఈతగత్తెనేమీ కాలేదు. ఒక వానాకాలం, ఒక చలికాలం గడిచాక కొలను ఈ చివర నుంచి ఆ చివరకి ఆయాసపడుతూ వెళ్లగలిగాను, అంతే. ఊపిరాడకపోవడం ఎప్పుడు తగ్గిందో కూడా గమనించలేదు. ఒక రోజు లిఫ్టు కోసం చూడకుండా మెట్లెక్కి ఇంట్లోకి వచ్చేశాక గుర్తొచ్చింది, ఈ మధ్య అలా కూర్చుండిపోలేదని.

మేడమ్ సన్యాసిని కాదు. ఈ మాట చెప్పకపోతే ఆమెను తప్పుగా చూపించినట్టవుతుంది. ఆమెకు మంచి చీరలంటే ఇష్టం. ఎండాకాలం మా ఇంటికి వచ్చి, ఏసీ వేయించుకుని, కాళ్లు చాపుకుని మామిడిపండ్లు తినేవారు. “ఏసీ పెట్టినోడు చల్లగుండాలె” అనేవారు. టీవీ సీరియల్లో కోడలికి అన్యాయం జరిగితే ఆమెకు ఆ రోజంతా మనసు బాగుండేది కాదు. ఆమెకూ నాకూ తేడా ఏమిటంటే, నేను వస్తువు కొన్న రోజు మాత్రమే దాన్ని చూసేదాన్ని. ఆమె మామిడిపండు తింటుంటే ప్రపంచంలో ఇంకేమీ జరగనట్టు తినేవారు.

రిటైరయ్యాక ఆమె ఉర్దూ చదవడం నేర్చుకున్నారు. మాటలు ఆమెకు చిన్నప్పటి నుంచీ వచ్చు, అక్షరాలే రావు. వీధి చివర బట్టలు కుట్టే నఫీసా గారు ఆమె స్నేహితురాలు. ఆమె దగ్గర మధ్యాహ్నాలు కూర్చుని, చిన్నపిల్లల వాచకం పెట్టుకుని దిద్దేవారు. ఒకసారి ఇద్దరం సిటీ బస్సులో మల్కాజ్‌గిరి వెళ్తున్నాం. బస్సు ట్రాఫిక్‌లో ఆగింది. మేడమ్ కిటికీలోంచి ఒక బోర్డు వైపు చూస్తూ పెదాలు కదిలించసాగారు. కుడి నుంచి ఎడమకి వేలితో గాలిలో రాస్తున్నారు. ఉన్నట్టుండి నా మోచెయ్యి పట్టుకుని ఊపారు.

“దవాఖానా అని ఉన్నది, పద్మా. ద, వా, ఖా, నా. ఇన్నేండ్లు నోటితోని అన్న మాట. కండ్లతోని చూసుడు ఇయ్యాల్నే.”

ఆమె మొహం వెలిగిపోతోంది. ముందు సీట్లో కూర్చున్న ఆయన వెనక్కి తిరిగి చూశాడు. నేను నవ్వి, “ఇప్పుడు ఇది నేర్చుకుని ఏం చేస్తారు మేడమ్? దేనికి పనికొస్తుంది?” అన్నాను. నేను వెటకారంగా అనలేదు, నిజంగానే తెలుసుకోవాలనుకున్నాను. ఆమె కూడా నిజంగానే ఆలోచించి చెప్పారు.

“ఏం పనికొస్తది? దేనికీ పనికిరాదు. అందుకే నిమ్మళంగ నేర్చుకుంటున్న.”

బస్సు కదిలింది. ఆమె తర్వాతి బోర్డు కోసం చూస్తూ కూర్చున్నారు. ఆ మాట నేను ఇంటికి తెచ్చుకున్నాను. నా రోజులో ప్రతి గంటా ఏదో ఒకదానికి పనికొచ్చేదే. ఈతకి వెళ్లే ఆ పొద్దుటి గంట ఒక్కటే, నాకు తెలియకుండానే, దేనికీ పనికిరాకుండా మిగిలింది. మొదట ఆరోగ్యం కోసం వెళ్లాను, నిజమే. ఆరోగ్యం వచ్చాక కూడా వెళ్తూనే ఉన్నాను.

ఆ గంట పోయేంత పని ఒకసారి జరిగింది. శ్రీధర్‌కి విల్లా కొనాలని కోరిక. ఔటర్ రింగ్ రోడ్డు దాటాక కొత్తగా కడుతున్న చోట ఒకటి చూశాడు. దానికి వాయిదాలు కట్టాలంటే ఆఫీసులో నాకు ఇస్తామంటున్న పెద్ద పదవి తీసుకోవాలి. ఆ పదవి తీసుకుంటే పొద్దున చీకటితో బయల్దేరాలి. అక్కడ ఇంటి పక్కనే క్లబ్బు, అందులోనే ఈతకొలను ఉందని శ్రీధర్ ఉత్సాహంగా చెప్పాడు. “మేడమ్‌ని కూడా తీసుకెళ్దాం, నీళ్లు ఎలా ఉన్నాయో ఆవిడే చెప్తారు” అన్నాడు.

ముగ్గురం కారులో వెళ్లాం. మేడమ్ ఇల్లంతా తిరిగి చూశారు. మెట్ల కమ్మీ మీద చెయ్యేసి నిమురుతూ పైకెక్కారు. వంటింటి కిటికీ తెరిచి గాలి ఎటు నుంచి వస్తోందో చూశారు. తర్వాత క్లబ్బుకి వెళ్లాం. నీలం రంగు పలకలు పరిచిన పెద్ద కొలను. అద్దంలా ఉన్నాయి నీళ్లు. అప్పటికే కొన్ని ఇళ్లలో జనం చేరారు, అయినా అక్కడ ఒక్క మనిషి లేడు. పక్కన కుర్చీలో కాపలా మనిషి కూర్చుని ఉన్నాడు.

“పొద్దుగాల వస్తరా ఈతకు?” మేడమ్ అడిగారు.

“ఎవ్వరు రారమ్మా. అందరు ఆఫీసుకు పోతరు. ఐతారం పూట పిల్లలు వచ్చి ఫొటోలు దిగుతరు.”

ఆమె గట్టు మీద కూర్చుని నీళ్లలో చెయ్యి పెట్టారు. చాలాసేపు అలా కదిలిస్తూ ఉన్నారు. “నీళ్లు మంచిగున్నయ్” అని, “పాపం” అన్నారు. ఎవరూ పలకరించని చుట్టం గురించి అన్నట్టు అన్నారు.

తిరిగి వస్తుంటే శ్రీధర్ కారు నడుపుతూ, “ఎలా ఉందండీ ఇల్లు?” అని అడిగాడు.

“మంచిగున్నది సార్. అబద్ధమెందుకు చెప్త. వంటింట్ల గాలి మస్తు వస్తది.” ఆ తర్వాత ఇంటికి వచ్చేదాకా ఆమె కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చున్నారు. కొనమని అనలేదు, వద్దనీ అనలేదు.

వద్దన్నది నేను. ఆ వారమంతా ఇంట్లో అదే గొడవ. పదవి వద్దని, విల్లా వద్దని, నాకు ఆ పొద్దుటి గంట కావాలని చెప్పాను. చెబుతుంటే నా చెవులకే అది అర్థంలేని మాటలా వినిపించింది. శ్రీధర్ నన్ను తిట్టలేదు. “ఒక గంట ఈత కోసం ఇల్లు వదులుకుంటామా పద్మా? ఎవరికైనా చెబితే నవ్వుతారు” అన్నాడు. అతని గొంతులో కోపం కంటే బాధ ఎక్కువ ఉంది. బయానా ఇవ్వలేదు. ఇంట్లో మాటలు అవసరానికి మాత్రమే మిగిలాయి.

సంగతి మేడమ్‌కి చెప్పాను. మెచ్చుకుంటారని లోపల ఎక్కడో ఆశ ఉందేమో. ఆమె మొహం మాడిపోయింది. “నా పేరు పెట్టి కొట్లాడినవా ఏంది?” అన్నారు. లేదన్నాను. ఆమె నమ్మలేదు. ఆ సాయంత్రమే బియ్యప్పిండితో సర్వపిండి కాల్చి, గిన్నెలో పెట్టుకుని పైకి వచ్చారు. నన్ను వంటింట్లోకి పొమ్మని, హాల్లో శ్రీధర్ ఎదురుగా కూర్చున్నారు.

“నా మీద కోపం ఉంటే చెప్పు సార్. లోపల పెట్టుకోకు.”

“మీ మీద ఎందుకండీ కోపం?” అన్నాడు. మళ్లీ తనే, “నాకు ఆ ఇల్లు కావాలండీ” అన్నాడు, చిన్నపిల్లాడిలా.

“కావాల్నంటే తప్పేమున్నది? ఎందుకు కావాలె, చెప్పు. నేను వింట.”

శ్రీధర్ చెప్పడం మొదలుపెట్టాడు. వంటింట్లో నేను పొయ్యి కట్టేసి విన్నాను. వాళ్ల నాన్నగారు బతికినంత కాలం ఒంగోలులో అద్దె గదుల్లోనే ఉన్నారని నాకు తెలుసు. కానీ ఇంటి యజమాని కొడుకు పెళ్లికి చుట్టాలొచ్చారని వీళ్లని పది రోజులు గది ఖాళీ చేయమంటే, సామానుతో సహా బడి వరండాలో పడుకున్నారన్న సంగతి తెలియదు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను నాకు చెప్పలేదు, నేను అడగలేదు. మేడమ్ మధ్యలో “అప్పుడు నీ వయసెంత?” అని, “మీ నాయన ఏమనేటోడు?” అని మాత్రం అడిగారు. శ్రీధర్ చాలాసేపు చెప్పాడు. చివరికి, “ఆయనకి ఒక పెద్ద ఇల్లు చూపించాలని ఉండేదండీ. ఆయన పోయారు, నాకింకా అదే ఉంది” అన్నాడు.

మేడమ్ గిన్నె మూత తీసి అతని ముందుకు జరిపారు. “తిను. చల్లారితే మంచిగుండదు.”

ఆ తర్వాత విల్లా మాట శ్రీధర్ మళ్లీ ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో నాకు పూర్తిగా తెలియదు. ఆ రోజు చెప్పుకున్నాక బరువు తగ్గిందేమో. కానీ ఆ ఏడాది వాళ్ల నాన్నగారి ఫొటో పెద్దది చేయించి హాల్లో పెట్టాడు. ఇప్పటికీ ఆ వైపు వెళ్లినప్పుడు, “మన ఇల్లు ఇక్కడ ఉండాల్సింది” అంటాడు. నేను ఊ కొడతాను. కొన్నిసార్లు నాకూ ఆ వంటింటి గాలి గుర్తొస్తుంది. అన్నీ ఇష్టంగా వదులుకున్నానని చెబితే అబద్ధమే.

తర్వాత కొన్నాళ్లకి మేడమ్‌కి తొడ ఎముకలో నొప్పి మొదలైంది. ఆటలాడిన ఒళ్లు, అదే పోతుందిలే అనుకున్నారు. పోలేదు. గడ్డ అన్నారు, చెడ్డదన్నారు. మందులు పడుతున్నన్నాళ్లు నీళ్లలో దిగకూడదని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్నాక ఆమె ఒక రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో రోజు పొద్దున నేను వెళ్లేసరికి వాచకం అయిపోయిందని, నఫీసా గారు కథల పుస్తకం ఇచ్చారని చెప్పి, నన్ను కూర్చోబెట్టి ఒక పేజీ చదివి వినిపించారు. నక్క, కొంగ ఏవో ఉన్నాయి కథలో. ఒక్కో మాటా కూడబలుక్కుని చదివేసరికి పొద్దెక్కింది. నేను ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లాను. ఆ తర్వాత చాలా పొద్దులు అలాగే గడిచాయి. ఈతకొలనుకి వెళ్లే గంటలో మొదటి అంతస్తు బాల్కనీలో కూర్చుని కథలు వినేదాన్ని.

ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినప్పుడు నేను, బ్యాచ్‌లో కొందరం కలిసి విడి గది తీసుకుందామనుకున్నాం. ఒప్పుకోరేమో, డబ్బు వృథా అంటారేమో అని భయపడుతూ చెప్పాను. “ఏసీ ఉంటదా?” అన్నారు. ఉంటుందన్నాను. “అయితే తీసుకో. మంచిగ పండుకుంట” అన్నారు. గదికి ఒక కిటికీ ఉండేది. దాని అవతల సిమెంటు గోడ, ఒక పైపు, పైపు మలుపులో పావురం గూడు. పుల్లలు దొరకలేదో ఏమో, అది కరెంటు తీగ ముక్కలు తెచ్చి గూడు కట్టుకుంటోంది. మంచం కిటికీ వైపు తిప్పించుకున్నారు. నేను లోపలికి వెళ్లగానే ఒంట్లో ఎలా ఉందో చెప్పేవారు కాదు, పావురం ఏం చేసిందో చెప్పేవారు.

ఒక రోజు అలా చెబుతూ ఆగిపోయారు.

“భయమైతున్నది, పద్మా.”

ఆమె నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు. ఏమీ కాదని చెబితే ఆమెకు కోపం వస్తుంది.

“నాకూ భయంగానే ఉంది మేడమ్” అన్నాను.

ఆమె తల ఊపారు. నా చెయ్యి పట్టుకుని కిటికీ వైపు చూస్తూ ఉన్నారు. నర్సు వచ్చి సెలైన్ మార్చి వెళ్లింది. కాసేపయ్యాక, “ఇయ్యాల కూరేం చేసినవ్?” అన్నారు.

“బీరకాయ.”

“పాలు పోసినవా?”

“పోశాను.”

“మంచిగుంటది” అని కళ్లు మూసుకున్నారు. రుచి తలుచుకుంటున్నట్టు ఆమె గొంతు కదిలింది. ఇంకో వారానికి ఆమె పోయారు. వాళ్ల అన్న కొడుకు వచ్చి ఊరికి తీసుకెళ్లాడు. మేము బ్యాచ్ వాళ్లం వ్యాను మాట్లాడుకుని వెళ్లాం. చేను గట్టు మీద, వాళ్ల నాయన ఆమెను తోసిన ఆ బావికి దగ్గరలోనే, అంతా జరిగింది. బావిలో నీళ్లు లేవు. శ్రీధర్ కూడా వచ్చాడు. నా కంటే ఎక్కువ అతనే ఏడ్చాడు.

నేను ఎవరికీ ఈత నేర్పడం లేదు. ఉర్దూ నేర్చుకోలేదు. ఆమెలాగా ప్రతి మనిషినీ పలకరించే గుణం కూడా నాకు పూర్తిగా అబ్బలేదు. ఉద్యోగం చేస్తున్నాను, ఏసీలో నిద్రపోతున్నాను, కొత్త చీర కొంటే సంతోషిస్తున్నాను. కానీ రోజులో ఒక గంట దేనికీ ఇవ్వకుండా ఉంచుకోవడం మానలేదు. దాని కోసం ఆఫీసులో కొన్ని మాటలు పడ్డాను, ఇంట్లో కొన్ని పడ్డాను. ఇప్పుడు అందరికీ అలవాటైంది. అయితే నా గంట కాపాడుకోవడం వేరు, ఇంకొకరి గంట జోలికి వెళ్లకుండా ఉండటం వేరు. రెండోది నాకింకా కష్టం.

మేఘన ఇప్పుడు హైస్కూలుకి వచ్చింది. తార్నాకలో ఏ వీధిలోకి వెళ్లినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. మేమూ ఒకదానిలో చేర్పించాం. నిన్న సాయంత్రం క్లాసుకి వేళవుతోంది. సంచీ సర్ది గుమ్మం దగ్గర పెట్టి పిలిచాను, పలకలేదు. రెండోసారి గట్టిగా పిలిచాను. బాల్కనీలోకి వెళ్లి చూస్తే కమ్మీకి గడ్డం ఆనించి నిలబడి ఉంది. ఎదురుగా కొత్త బిల్డింగు కడుతున్నారు. క్రేను ఒక ఇనుప కడ్డీల మోపుని పైకి లేపుతోంది. అది గాలికి మెల్లగా తిరుగుతూ, సాయంత్రపు ఎండలో ఒక్కోసారి మెరుస్తూ వెళ్తోంది. దాని నీడ కింది రేకుల మీదుగా, రోడ్డు మీదుగా, నిలబడిన ఆటో మీదుగా పాకుతోంది.

టైమవుతోంది అనడానికి నోరు తెరిచాను.

“ఏం చూస్తున్నావే?” అని మాత్రం అడిగాను.

“ఏం లేదమ్మా. ఊరికే.”

మోపు ఇంకా సగం దూరమైనా వెళ్లలేదు. గుమ్మం దగ్గర సంచీ అలాగే ఉంది. బాల్కనీ ఇరుకు, ఊయల పోను ఇద్దరు నిలబడటానికి చోటు సరిపోదు.

“కాస్త జరుగు” అన్నాను.